అయ్యో... ఆఫీసు ల్యాప్‌టాప్ పోయింది!

సొంత వస్తువు పోతే ఇల్లంతా బాధపడుతుంది. సర్కారు వస్తువు పోతే ఉద్యోగి ఒక్కడే భయపడతాడు. ఆ భయంలో చేసే తప్పు, వస్తువు పోవడం కన్నా పెద్దది కావచ్చు!

శనివారం సాయంత్రం. చెన్నై నుంచి వచ్చిన బస్సు ఊత్తుకోట దాటి సత్యవేడు బస్టాండులో ఆగింది. మండల స్థాయి ఆఫీసులో పనిచేసే ఓ ఉద్యోగి తల్లిని జాగ్రత్తగా కిందికి దించారు. పొద్దున్నే ఆమెను కంటి ఆస్పత్రికి తీసుకెళ్లి, మందులు రాయించుకుని తిరిగొస్తున్నారు. సోమవారం నాటికి పై ఆఫీసుకు పంపాల్సిన పింఛనుదారుల జాబితా ఇంకా పూర్తి కాలేదు. ఆస్పత్రిలో ఎలాగూ గంటలకొద్దీ కూర్చోవాలి కదా, అక్కడే పని ముగించేయొచ్చని ఆఫీసు ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లారు. పని అయింది కూడా. వచ్చేటప్పుడు బస్సులో బ్యాగు పైన పెట్టారు. ఇప్పుడు చెయ్యి చాపి చూస్తే... అక్కడ ఏమీ లేదు!

"అన్నా, పైన నల్ల బ్యాగొకటి పెట్టినా. చూసినారా?"

"నల్ల బ్యాగా? ఊత్తుకోటలో శానామంది దిగినారు సార్. ఎవురిది ఎవురు ఎత్తుకుండారో!" అన్నాడు కండక్టరు.

కింద నిలబడ్డ తల్లికి సంగతి అర్థం కాలేదు. "మందుల సంచి నా దగ్గరే ఉండాదే నాయనా. ఇంకేం పోయింది?"

ఇది ఊహించి చెప్పిన కథే. కానీ ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని రోజూ బస్సెక్కే ఏ ప్రభుత్వోద్యోగి అయినా ఈ సన్నివేశాన్ని చదువుతూ తన సంచిని ఒకసారి తడుముకుంటాడు. ఎందుకంటే ఆ రాత్రి ఆయన ముందున్నవి మూడు దారులు. ఒకటి, వెంటనే పై అధికారికి ఫోన్ చేసి చెప్పేయడం. రెండోది, ఎవరైనా తెచ్చిస్తారేమోనని సోమవారం దాకా ఆగడం. మూడోది, అప్పోసప్పో చేసి అలాంటిదే ఇంకొకటి కొని గుట్టుచప్పుడు కాకుండా బీరువాలో పెట్టేయడం. చాలామంది మనసు ముందుగా లాగేది రెండోదాని వైపు. కొంచెం డబ్బున్నవాళ్లను మూడోది లాగుతుంది. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది!

కరణం పెట్టె నుంచి...

సత్యవేడుకు రికార్డుల గొడవ కొత్త కాదు. పటాస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మారినప్పుడు తిరుత్తణి తమిళనాడు వైపు (అప్పటి మద్రాసు రాష్ట్రం) వెళ్లింది. చెంగల్పట్టు జిల్లాలోని పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల నుంచి కొన్ని గ్రామాలు ఇటు వచ్చాయి. వాటితో చిత్తూరు జిల్లాలో సత్యవేడు తాలూకా ఏర్పడింది. మళ్లీ 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో సత్యవేడు తిరుపతి జిల్లాలోకి చేరింది. ఊరు ఉన్నచోటే ఉంది. మారిందల్లా దాని కాగితాలు ఉండే చోటు!

ఆ కాగితాలకు ఒకప్పుడు కరణాలే కాపలా. గుడ్డలో మూటగట్టిన లెక్కలు, ఇంట్లో ఓ చెక్కపెట్టె, దానికో తాళం. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసింది. లెక్కలు ఆఫీసు బీరువాల్లోకి, అక్కడి నుంచి కంప్యూటర్లలోకి చేరాయి. కరణం పెట్టె పోతే ఒక ఊరి లెక్కలే పోయేవి. ఆ పెట్టెను నెత్తిన పెట్టుకుని ఎవరైనా పారిపోతే ఊరంతా చూసేది. ఇప్పుడు రెండు కిలోల బరువుండే సంచిలో మండలం మొత్తం పడుతుంది. పేరు, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు, కులం, ఆదాయం... ఒక మనిషిని మోసం చెయ్యడానికి ఏమేం కావాలో అన్నీ ఒకే వరుసలో!

పెట్టె ఖరీదు అరవై వేలో, డెబ్భై వేలో అనుకుందాం. అది ఉద్యోగికీ ప్రభుత్వానికీ మధ్య లెక్క. ఎప్పుడో ఒకప్పుడు తీరిపోతుంది. జాబితాలో ఉన్న అవ్వకు ఆ లెక్కతో సంబంధం లేదు. ఆమె భయం వేరే. ఎవరో ఫోన్ చేసి, ఆమె పేరూ ఖాతా నంబరూ తప్పు లేకుండా చెప్పి, "పింఛను ఆగిపోయింది, ఫోనుకు వచ్చిన నంబరు చెప్పండి" అంటే ఆమె నమ్మకుండా ఉంటుందా? అన్ని వివరాలు తెలిసినవాడు ఆఫీసువాడే అనుకుంటుంది కదా!

పందొమ్మిది రోజుల మౌనం

ఇలాంటి భయంతో ఒక దేశం దేశమే వణికిన సందర్భం ఉంది. 2006 మే 3న అమెరికాలోని మేరీల్యాండ్‌లో ఓ ఇంట్లో దొంగలు పడ్డారు. అది మాజీ సైనికుల వ్యవహారాల శాఖలో పనిచేసే ఓ ఉద్యోగి ఇల్లు. పోయినవాటిలో ఒక ల్యాప్‌టాప్, దానికి తగిలించే హార్డ్‌డిస్క్ ఉన్నాయి. అందులో దాదాపు 2 కోట్ల 65 లక్షల మంది మాజీ సైనికుల పేర్లు, పుట్టిన తేదీలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు! మనకు ఆధార్ నంబరు ఎలాగో, అక్కడివారికి ఆ నంబరు అలాగ.

ఆ ఉద్యోగి దాచలేదు. అదే రోజు పోలీసులకు చెప్పారు, తన ఆఫీసుకూ చెప్పారు. మరి ఆఫీసు ఏం చేసింది? కింది నుంచి పైకి ఆ కబురు మెట్టుమెట్టుకూ ఆగుతూ వెళ్లింది. శాఖను నడిపే మంత్రి జిమ్ నికల్సన్‌కు సంగతి తెలిసేసరికి మే 16 వచ్చింది. అంటే పదమూడు రోజులు! ప్రజలకు ప్రకటించింది మే 22న. వివరాలు పోగొట్టుకున్న మాజీ సైనికులు పందొమ్మిది రోజుల పాటు ఏమీ తెలియకుండా ఉన్నారు. 

మొదట్లో శాఖ వేలు చూపింది ఆ ఉద్యోగి వైపే. నిబంధనలకు విరుద్ధంగా సమాచారం ఇంటికి తీసుకెళ్లాడంది. ఇంట్లో పనిచేసుకోవడానికి ఆయనకు కొన్ని అనుమతులు ఉన్నట్టు తర్వాత బయటపడ్డ కాగితాలు చెప్పాయి. ఆ ఏడాది జులైలో వచ్చిన శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక అందరికీ తలా కొంత పంచింది. అంత సమాచారం ఇంట్లో పెట్టుకోవడం ఉద్యోగి చేసిన తప్పు. కబురు తెలిశాక కూడా అవసరమైన వేగంతో కదలకపోవడం పై అధికారుల తప్పు.

కథ సుఖాంతమే. యాభై వేల డాలర్ల బహుమానం ప్రకటించారు. జూన్ నెలాఖరుకు ఆ ల్యాప్‌టాప్, హార్డ్‌డిస్క్ ఎఫ్‌బీఐ చేతికి వచ్చాయి. లోపలి సమాచారం ఎవరూ తెరిచి చూసిన ఆనవాళ్లు లేవని పరీక్షల్లో తేలింది. అయినా కోర్టు కేసులు ఆగలేదు. చివరికి 2009లో 2 కోట్ల డాలర్లు చెల్లించడానికి ప్రభుత్వం ఒప్పుకోవాల్సి వచ్చింది. పోయిన పెట్టె దొరికింది. పోయిన నమ్మకానికి మాత్రం ఖరీదు కట్టాల్సి వచ్చింది!

తాళం వేసిన కారు, తాళం లేని డిస్కు

అమెరికా ఒక్కటే కాదు. బ్రిటన్‌లో 2007 అక్టోబరులో పన్నుల శాఖ నుంచి ఆడిట్ ఆఫీసుకు పంపిన రెండు సీడీలు దారిలో మాయమయ్యాయి. పిల్లల భత్యం పొందే కుటుంబాల్లోని రెండున్నర కోట్ల మంది వివరాలు వాటిలో ఉన్నాయి. మొదట నింద పడింది ఓ చిన్న ఉద్యోగి మీద. శాఖ ఛైర్మన్ పాల్ గ్రే రాజీనామా చేశారు. తర్వాత జరిగిన విచారణలో తేలిందేమిటంటే, లోపం ఒక్క మనిషిది కాదు, శాఖ నడిచే పద్ధతిదే అని. మూడు నెలలు తిరక్కముందే 2008 జనవరిలో బర్మింగ్‌హామ్‌లో నౌకాదళ అధికారి కారులోంచి ల్యాప్‌టాప్ పోయింది. సైన్యంలో చేరడానికి దరఖాస్తు చేసినవాళ్లు, ఆసక్తి చూపినవాళ్లు కలిపి ఆరు లక్షల మంది వివరాలు! ఆ దెబ్బతో, ఎన్‌క్రిప్షన్ లేని ల్యాప్‌టాప్‌లో ప్రజల సమాచారం పెట్టుకుని ఆఫీసు గడప దాటకూడదని అక్కడి ప్రభుత్వం ఆదేశించింది.

చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన నాసాకూ ఇదే గతి. 2012 అక్టోబరు 31న ఓ ఉద్యోగి తాళం వేసుకెళ్లిన కారులోంచి ల్యాప్‌టాప్ ఎత్తుకెళ్లారు. దానికి పాస్‌వర్డ్ ఉంది. కానీ డిస్కుకు ఎన్‌క్రిప్షన్ లేదు. సుమారు పది వేల మంది వివరాల మీద నాసా కంగారు పడాల్సి వచ్చింది.

"పాస్‌వర్డ్ ఉంది కదా, ఇంకేం భయం?" అంటారా? పాస్‌వర్డ్ వీధి తలుపుకు వేసిన తాళం లాంటిది. దొంగ ఆ తలుపు జోలికే రాడు. వెనక నాలుగు స్క్రూలు విప్పి డిస్కు బయటికి తీసి ఇంకో కంప్యూటరుకు తగిలిస్తాడు. ఫైళ్లన్నీ కళ్ల ముందే! ఎన్‌క్రిప్షన్ అంటే ఇంట్లోని ప్రతి కాగితాన్నీ ఎవరికీ అర్థం కాని లిపిలోకి మార్చేయడం. సరైన తాళంచెవి ఉన్నవాడికే అది మళ్లీ తెలుగవుతుంది. డిస్కు విప్పి తీసినా దొంగకు కనిపించేది పిచ్చిగీతలే. విండోస్ ప్రొఫెషనల్ రకాల్లో ఉండే బిట్‌లాకర్ చేసే పని ఇదే. దాన్ని ఆన్ చేసినప్పుడు 48 అంకెల రికవరీ కీ ఒకటి ఇస్తుంది. ఆ కీని ఆఫీసులో భద్రపరచాలి. కాగితం మీద రాసి అదే బ్యాగులో పెట్టుకుంటే... ఇంటి తాళంచెవి గుమ్మానికే వేలాడదీసినట్టు!

పుల్లంత కీ... కొండంత సంతకం

ల్యాప్‌టాప్ సంచిలో ఇంకో చిన్న వస్తువు ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లా కనిపించే డిజిటల్ కీ. ఆఫీసుల్లో దాన్నే డాంగిల్ అంటారు. చూడటానికి పుల్లంత. కానీ అది అధికారి సంతకం! ధ్రువపత్రమైనా, బిల్లయినా దాంతో సంతకం పడితే చెల్లుతుంది. దానికి ఒక పిన్ ఉంటుంది. చాలాచోట్ల ఆ పిన్ ఆపరేటరుకు తెలుసు, పక్క సీటువాళ్లకూ తెలుసు. కొన్నిసార్లు ల్యాప్‌టాప్ మీదే స్టిక్కరు మీద రాసి ఉంటుంది!

ఈ కీ గురించి ఐటీ చట్టం 2000లోని 42వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. కీ ఇతరుల చేతికి పోకుండా చూసుకోవాల్సింది దాని యజమానే. పోయిందని తెలిస్తే ఆలస్యం చెయ్యకుండా, దాన్ని జారీ చేసిన సంస్థకు తెలియజెయ్యాలి. అలా తెలియజేసేంత వరకు బాధ్యత ఆయనదే. అంటే శనివారం రాత్రి పోయిన కీ సంగతి సోమవారం చెబితే, మధ్యలో ఆదివారం పడిన సంతకాలకు జవాబు ఎవరు చెప్పాలి? అందుకే సంచి పోయినప్పుడు అన్నిటికన్నా ముందు రద్దు చేయించాల్సింది ఈ కీనే. ల్యాప్‌టాప్ సంగతి తర్వాత!

కొని పెట్టేస్తే సరిపోతుందా?

ఇప్పుడు మూడో దారి గురించి. ఇంకోటి కొని బీరువాలో పెట్టేస్తే ఎవరికీ నష్టం లేదు కదా అనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు, 2017లోని 33వ నిబంధన ఈ ఆలోచనకు అడ్డుకట్ట వేసింది. పది వేల రూపాయలు మించిన నష్టం జరిగితే వెంటనే పై అధికారికి తెలపాలి. బాధ్యుడు డబ్బు కట్టేసినా సరే, చెప్పి తీరాల్సిందే! దొంగతనం వంటి కారణాలతో యాభై వేలకు మించి నష్టం వస్తే పోలీసులకు ఫిర్యాదు తప్పనిసరి. 2023 జులైలో కేంద్ర ఆర్థిక శాఖ అధికారులకిచ్చే ల్యాప్‌టాప్‌ల ధర పరిమితిని లక్ష రూపాయలు చేసినప్పుడు కూడా, వస్తువు భద్రతకూ అందులోని సమాచార భద్రతకూ తీసుకున్నవారిదే బాధ్యత అని చెప్పింది.

మన రాష్ట్ర ఉద్యోగులకు 1991 నాటి సివిల్ సర్వీసుల క్రమశిక్షణ నియమాలున్నాయి. నిర్లక్ష్యం వల్ల నష్టం వస్తే జీతంలోంచి రాబట్టడం 9వ నియమంలోని చిన్న శిక్షల్లో ఒకటి. అయితే ఇక్కడ ఉద్యోగి గుర్తుంచుకోవాల్సిన మాట ఒకటుంది. ఆ కోత ఊరికే పడదు. ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, ఉద్యోగి సంజాయిషీ వినాలి. నిర్లక్ష్యం ఉందా లేదా అన్నదే అక్కడ ప్రశ్న. వస్తువు పోవడమే నేరం కాదు. అదే రాత్రి చేసిన ఫిర్యాదు, అధికారికి పంపిన మెసేజీ ఆ సంజాయిషీకి బలం. మూడు రోజుల మౌనం మాత్రం ఎంత గొప్పగా రాసినా సంజాయిషీని మింగేస్తుంది.

ఆఫీసులకూ గడువులున్నాయి. కంప్యూటర్ భద్రతకు సంబంధించిన నిర్దేశిత ఘటనలు జరిగితే, తెలిసిన ఆరు గంటల్లో చెప్పాలని జాతీయ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ప్రభుత్వ సంస్థలకూ అది వర్తిస్తుంది. 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. సమాచారం బయటికి పొక్కితే, ఆ సమాచారం ఎవరిదో వాళ్లకూ చెప్పాలంటుంది. రక్షణ ఏర్పాట్లలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. దీని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమల్లోకి వచ్చేలా రూపొందించారు. మన కథలో ఉద్యోగి ఫోన్ చేస్తేనే కదా ఈ గడియారాలన్నీ తిరగడం మొదలయ్యేది!

ఏ స్టేషనుకు వెళ్లాలి?

సత్యవేడులాంటి సరిహద్దు ఊళ్లలో ఇంకో చిక్కు. బస్సెక్కింది చెన్నైలో, బ్యాగు మాయమైంది బహుశా ఊత్తుకోటలో, పోయిందని తెలిసింది సత్యవేడులో. రెండు రాష్ట్రాలు, రెండు భాషలు. ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి? ఎక్కడైనా ఇవ్వొచ్చు! 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా దగ్గర్లోని స్టేషనులో చెప్పుకోవచ్చు. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆన్‌లైన్లో పంపినా తీసుకుంటారు, మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. ఒక్క జాగ్రత్త. మర్చిపోయిన బ్యాగును "ఎవరో లాక్కెళ్లారు" అని రాయించకండి. తెలిసింది తెలిసినట్టు చెప్పడమే మేలు. అబద్ధం ఒకటి రాస్తే దాన్ని నిలబెట్టడానికి ఇంకో పది కావాలి.

మొదటి గంటలో...

* బస్సు టికెట్ పారేయొద్దు. బస్సు ఏదో, ఎన్ని గంటలదో దాన్నిబట్టే తెలుస్తుంది. కండక్టరుతో, డిపోతో వెంటనే మాట్లాడాలి. రైల్లో అయితే 139కి ఫోన్ చెయ్యాలి. రైళ్లలో మర్చిపోయిన సామాను తిరిగి అప్పగించడానికి రైల్వే రక్షక దళం "ఆపరేషన్ అమానత్" నడుపుతోంది.

* పై అధికారికి ముందు ఫోన్, ఆ వెంటనే మెసేజీ. ఎప్పుడు, ఎక్కడ, లోపల ఏమున్నాయి... ఈ మూడూ చాలు.

* డిజిటల్ కీ ఉంటే రద్దు చేయించాలి. మెయిల్, ఈ-ఆఫీస్, ఇతర పోర్టళ్ల పాస్‌వర్డులు వేరే కంప్యూటరు నుంచి మార్చాలి. ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉంచిన వాట్సాప్‌ను ఫోనులోంచి తీసేయాలి.

* పోలీసు ఫిర్యాదులో కంపెనీ, మోడలు, సీరియల్ నంబరు, ఆఫీసు స్టాకు రిజిస్టరు నంబరు రాయాలి. సెల్‌ఫోనుకు ఉన్నట్టు ల్యాప్‌టాప్‌కు ఐఎంఈఐ ఉండదు కాబట్టి సీరియల్ నంబరే ఆధారం. ఇవాళే మీ ల్యాప్‌టాప్ అడుగున ఉన్న ఆ నంబరును ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి.

* ఎవరెవరి వివరాలు లోపల ఉన్నాయో గుర్తున్నంత వరకు జాబితా రాయాలి. వాళ్లను హెచ్చరించడానికి ఆఫీసుకు అది కావాలి.

అసలు పోకముందే చెయ్యాల్సింది ఇంకొకటుంది. పని అయిపోయిన ఫైలు ల్యాప్‌టాప్‌లో ఉంచుకోకపోవడం. లేని ఫైలును ఏ దొంగా ఎత్తుకెళ్లలేడు! అలాగని సొంత గూగుల్ డ్రైవులోకో, డ్రాప్‌బాక్సులోకో ఎక్కించొద్దు. 2022 జూన్‌లో ప్రభుత్వోద్యోగులకిచ్చిన సైబర్ మార్గదర్శకాలు దాన్నీ వద్దన్నాయి. ఇంట్లోవాళ్లకూ ఓ మాట. నాన్న ఆఫీసు ల్యాప్‌టాప్ గేములకు కాదు, పెళ్లి వీడియోలకూ కాదు. అది ఇంట్లో ఉన్నా ఇంటి వస్తువు కాదు.

మొదటి ప్రశ్న

ఇంత చెప్పినా ఉద్యోగి నోరు తెరవాలంటే అవతల వినేవాళ్లు ఉండాలి. ఫోన్ చెయ్యగానే "ఎట్లా పోగొట్టావయ్యా? బుద్ధుందా?" అనే అధికారి ఉన్నచోట, రెండో ఉద్యోగి ఎవరూ ఫోన్ చెయ్యరు. అమెరికాలో ఆ ఉద్యోగి అదే రోజు చెప్పినా పందొమ్మిది రోజులు పట్టింది. అసలు చెప్పనే చెప్పని ఆఫీసులో ఎన్ని రోజులు పడుతుంది? విచారణ తర్వాత చేసుకోవచ్చు. మొదటి గంటలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: "లోపల ఏమున్నాయి?"

మళ్లీ సత్యవేడు వెళ్దాం. రాత్రి ఎనిమిదైంది. ఆ ఉద్యోగి పోలీసు స్టేషనులో కాగితం ఇచ్చి, బయట మెట్ల మీద కూర్చుని అధికారికి ఫోన్ చేశారు. గొంతు వణికింది. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత ప్రశ్న వచ్చింది. "కీ కూడా బ్యాగులోనే ఉందా? సరే, ముందు దాన్ని ఆపిద్దాం. మిగతావి రేపు చూద్దాం."

ల్యాప్‌టాప్ దొరికిందా? ఏమో. దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. సోమవారం నోటీసు వస్తుంది, సంజాయిషీ రాయాలి. జీతంలో కోత పడినా పడొచ్చు. కానీ ఇంటికొచ్చేసరికి ఆయన ముఖం చూసి తల్లి ఒక్కటే అడిగింది.

"చెప్పేసినావా నాయనా?"

"చెప్పేసినా మా."

"అయితే రా, అన్నం తిందువు."